కాళయుక్తి ఏటి సమాధి

మక్తల్ చుట్టుపక్కల పల్లెల్లో బొందలగడ్డకు రిజిస్టరు ఉండదు. ఎవరిని ఎక్కడ పెట్టారో ఇంటివాళ్లకు తెలుసు, గుంత తవ్వినవాళ్లకు తెలుసు, దినవారాలు జరిపించిన జంగమయ్యకు తెలుసు. కొడుకులు, మనవలు ఊళ్లోనే ఉన్నంత కాలం కాగితంతో పని పడలేదు. మనం దేశాలు పట్టి వచ్చాక పడింది. మన సంఘం పిల్లలు బడిలో వంశవృక్షం గీసుకొచ్చి, అమెరికాలో పుట్టిన స్నేహితుల తాతలకు సమాధి నంబరుతో సహా ఉన్న వివరాలు చూసి, "మన ముత్తాత ఎక్కడున్నాడు?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు వెతికిన దారి నలుగురికీ పనికొస్తుందని ఈ సావనీర్‌కు రాస్తున్నాను.

మనవాళ్ల పేర్లు పదిలంగా రాసిపెట్టి ఉన్న చోట్లు లేకపోలేదు. అవి ఎక్కువగా పరాయి నేల మీద ఉన్నాయి. మారిషస్‌లో మోకా అనే చోట మహాత్మా గాంధీ సంస్థలో గిర్మిట్ (ఒప్పంద) కూలీల దస్త్రాలున్నాయి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి పోయిన 1,52,184 మందికి ఓడల వారీగా జాబితాలున్నాయి. మనిషికో నంబరు, ఆ నంబరు పక్కన తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు. చెరకు తోటల దొరలకు కూలీ లెక్క కావాలి కనుక అంత ఓపికగా రాశారు. ఆ నంబరు పట్టుకొని ఐదో తరం మనవలు ఇప్పటికీ ఆంధ్ర తీరపు పల్లెలకు వచ్చి పోతున్నారు. నిజాం రాజ్యంలోని తెల్లవాళ్ల సమాధుల మీది రాతలన్నీ పోగుచేసి ఓ.ఎస్. క్రాఫ్టన్ 1941లో పుస్తకం వేశాడు. మక్తల్ తాలూకా రైతుకు అందులో చోటు లేదు.

ఒక మనిషి పేరు రాసి ఉండాలంటే అది ఎవరికో ఒకరికి అవసరమై ఉండాలి. నిజాం సర్కారుకు మన ముత్తాతల నుంచి కావాల్సింది భూమి శిస్తు. అందుకే వాళ్ల పేర్లు భూమి కాగితాల్లో ఉన్నాయి. మన పెద్దల సమాధులను కూడా ఆ కాగితాల్లోనే వెతకాలి. ఇంతకాలం వెతికాక నాకు గట్టిగా తేలిన సంగతి ఇదే.

పుట్టుకలు, చావులు ఊరి పోలీస్ పటేల్ రాసేవాడు, పైరు, పట్టా పట్వారీ రాసేవాడు. 1980ల నడుమ ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను ఎత్తేశాక కొన్ని దస్తాలు తాలూకా ఆఫీసుకు చేరాయి, కొన్ని ఇళ్లలోని పెట్టెల్లో చెదలు పట్టాయి. చావుల దస్తాలు దొరకడం అరుదు. భూమి దస్తాలు దొరుకుతాయి: సర్వే నాటి భూముల జాబితా అయిన సేత్వార్, 1954-55 నాటి సాగు లెక్క అయిన ఖాస్రా పహాణీ, ఊరి పటం అయిన నక్షా. పాతవన్నీ ఉర్దూలో, అదీ చేతిరాతలో ఉంటాయి. చదవడానికి ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దమనిషి ఎవరైనా కావాలి. అటువంటివాళ్లు మక్తల్, నారాయణపేట వైపు ఇంకా ఉన్నారు, కానీ వయసు మీరిపోతున్నారు. సంవత్సరం ఫసలీలో, అంటే శిస్తు లెక్కల క్యాలెండరులో ఉంటుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, నెలను బట్టి ఒక్కోసారి 591. జిల్లా పేరు దగ్గరా తికమక పడొద్దు. మక్తల్ తాలూకా నిజాం కాలం నుంచీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. నారాయణపేట జిల్లా ఏర్పడి మక్తల్ అందులోకి పోయింది 2019 ఫిబ్రవరిలో. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగేటప్పుడు పాత తాలూకా, పాత జిల్లా పేర్లే చెప్పాలి.

ఇక మా ఇంటి సంగతి. మేం లింగాయత్‌లం. మాలో చనిపోయినవాళ్లను కాల్చరు. పద్మాసనం వేయించి, ఎడమ అరచేతిలో ఇష్టలింగం పెట్టి, విభూతి, ఉప్పు, మారేడు పత్రి వేసి కూర్చోబెట్టినట్టే పూడుస్తారు. ఊరుమ్మడి గడ్డ ఉన్నా, భూమి ఉన్న ఇళ్లవాళ్లు తమ చేనిలోనే పెట్టుకునేవారు. మా ముత్తాతనూ చేనిలోనే పెట్టారని నాయనమ్మ చెప్పేది. ఏ చేనిలో అన్నది చెప్పకుండానే ఆమె పోయింది. 1960ల్లో తాత భూములన్నీ అమ్మేసి హైదరాబాద్ చేరాడు.

దారి చూపింది తాత రాసిచ్చిన అమ్మకం దస్తావేజు. నకలు తీయించి హద్దుల దగ్గరికి వస్తే, తూర్పున వాగు, పడమర బండ్ల బాట, దక్షిణాన పాలివాళ్ల చేను, ఉత్తరాన మా పెద్దల సమాధులున్న గడ్డ. ఆ గడ్డను అమ్మకంలోంచి మినహాయించి రాశారు కూడా. అంతవరకు వంశం గురించి రాయించిన కాగితాల్లో ఎక్కడా లేని మాట, బేరం కాగితంలో హద్దుగా దొరికింది. సర్వే నంబరు పట్టుకొని నక్షాలో చూస్తే చేను తేలిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికా నుంచి దిగినవాడు చేతిలో పాత పహాణీ పట్టుకొని గట్టు మీద నిలబడితే ఆ చేను దున్నుకునే రైతు గుండె గుభేలుమంటుంది. భూమి ధరలు అట్లున్నాయి, పట్టాల గొడవలు అట్లున్నాయి. ముందు ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకొని రైతు ఇంటికి పోవాలి, భూమితో మనకు పని లేదని విడమరచి చెప్పాలి, ఆ తర్వాతే చేనికి పోవాలి. మేం అట్లాగే పోయాం. కంది చేను. ఆ ఇంటి కోడలు ముందు నడిచి, పిచ్చిచెట్లు కమ్మిన ఎత్తుగడ్డ చూపించింది. "ఈ గడ్డకు నాగలి పెట్టొద్దని మా మామ చెప్పిండన్నా. ట్రాక్టరొచ్చినా మేం పెట్టలే" అన్నది. కొన్నవాళ్లు, మాకు ఏమీ కానివాళ్లు, ఇన్నేళ్లు ఆ మాట నిలబెట్టారు. ఆ ఇంటికి మేం తీర్చుకోలేనంత రుణపడి ఉన్నాం.

గడ్డ మీద మూడు రాతి గద్దెలున్నాయి. ఒకటి పగిలింది, ఒకదాని మీద రాత లేదు. మూడోదాని మీద లింగం, ఎదురుగా చిన్న నంది, కింద కన్నడంలో మూడు వరుసలు. మక్తల్‌కు రాయచూరు కూతవేటు దూరం, అక్కడి లింగాయత్ ఇళ్లలో కన్నడం వింతేమీ కాదు. రాతను సుద్దతో రుద్దొద్దు, సున్నం గీకొద్దు, రాయి పాడవుతుంది. పొద్దు పొడిచే వేళ వెలుగు పక్క నుంచి పడ్డప్పుడు ఫొటో తీస్తే గాటు లోపలి నీడతో అక్షరాలు లేచి కనబడతాయి. ఆ వేళ కుదరకపోతే చీకటి పడ్డాక ఫోను టార్చిని రాతి అంచుకు ఆనించి వెలిగించినా చాలు. రాయచూరు బంధువు ఒకాయన ఫొటో చూసి ఫోన్లోనే చదివాడు. శాలివాహన శకం 1840, కాళయుక్తి నామ సంవత్సరం, ఆశ్వయుజ మాసం. కింద మా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు.

శకం 1840 అంటే 1918. ఆ ఏటి ఆశ్వయుజం అక్టోబరులో వచ్చింది, ఫసలీ లెక్కలో 1328 ఆజూర్ నెల. ఊరంతా జ్వరాలొచ్చిన ఏడు పోయాడని నాయనమ్మ ఎప్పుడూ అనేది. అది ఇన్‌ఫ్లుయెంజా. దేశం మొత్తంలో కోటి మందికి పైగా పొట్టన పెట్టుకున్న జబ్బు. 1918 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దాని రెండో తాకిడి దక్కనును ఊడ్చేసింది. ఆ ఏడు వానలూ లేవు. రాత లేని గద్దె కూడా ఆ నెలదేనేమో అని నాకు గట్టి అనుమానం. ఒకే ఇంట్లో వరసగా చావులు పడితే, రెండో మనిషికి రాయి చెక్కించే ఓపిక ఎవరికుంటుంది?

మక్తల్‌కు దగ్గర్లోనే కృష్ణ మండలంలో ముడుమాల్ ఉంది, కృష్ణా నది ఒడ్డున. పోయినవాళ్లు తప్పక చూసి రండి. బృహత్‌శిలాయుగపు మనుషులు నిలబెట్టిన నిలువురాళ్లు పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున నిలబడి ఉన్నాయి, వాటి చుట్టుపక్కల చిన్న రాళ్లు వేలల్లో ఉన్నాయి. ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో గుంటలు తొలిచారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె.పి. రావు ఏళ్ల తరబడి వీటిని పరిశోధించాడు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. మూడు వేల ఏళ్లకు పైబడిన ఆ రాళ్లు ఎవరి పేరూ చెప్పవు. అయినా ఊరివాళ్లు వాటికి మొక్కుతారు, పసుపు కుంకుమలు పెడతారు. మా గద్దె చూసిన రోజే అక్కడికీ పోయాను. పేరు తెలిసిన సమాధి దొరకడం ఎంత అదృష్టమో ముడుమాల్‌లో నిలబడితే అర్థమవుతుంది.

అందరికీ ఈ అదృష్టం ఉండదు. జూరాల, సంగంబండ జలాశయాలు నిండాక నీటి కిందికి పోయిన చేన్లలో సమాధులున్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్లకు భూసేకరణ కాగితాలే ఆధారం. సర్వే నంబర్లు, పట్టాదారుల పేర్లు వాటిలో ఉంటాయి. ముస్లిం కుటుంబాలు వక్ఫ్ గెజిట్‌లో ఖబ్రస్తాన్ వివరం చూడొచ్చు, క్రైస్తవ కుటుంబాలు తమ చర్చి రిజిస్టర్లతో మొదలుపెట్టొచ్చు.

పేర్ల కోసం పోయేవాళ్లు పెత్తరమాసకు ఊళ్లో ఉండేటట్టు పోవాలి. ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఆ రోజే కనుక ఆడపడుచులు, వయసుమళ్లిన మేనత్తలు ఇళ్లకొస్తారు. పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు మూడు తరాల పేర్లు పైకి చదువుతారు. ఆడవాళ్ల పేర్లు కూడా చెప్పమని అడగండి, కాగితాల్లో వాళ్ల పేర్లు దాదాపు ఉండవు. ఫోన్లో రికార్డు చేసి, ఎవరు చెప్పారో, ఏ రోజో రాసిపెట్టండి. సంఘం తరఫున ఒక ఉమ్మడి ఫైలు తెరుస్తున్నాం. అందులో ఉండాల్సినవి: ఊరు, సర్వే నంబరు, హద్దులు, రాయి ఫొటో, రాతలో ఉన్నది ఉన్నట్టుగా, ఇప్పుడు ఆ చేను దున్నేవాళ్ల అనుమతి ఉంటేనే వాళ్ల వివరం. మా గద్దె వివరాలు నేను పంపాను. మాగనూరు, ఊట్కూరు, ఆత్మకూరు, నారాయణపేట కుటుంబాలవి ఈ దసరా లోపు రావాలి.