పోయింది చెట్టా, కాపా?

"నష్టపోయినవాడికి వచ్చే పరిహారం మీద కూడా పన్నా?" జులైలో నాయుడుపేట ఆడిటర్ ఆఫీసుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. పక్క కుర్చీలో ఆయన ఊరుకోడు. "బ్యాంకులో పడిన ప్రతి రూపాయికీ పన్ను కట్టాల్సిందే" అని తీర్పు చెప్పేస్తాడు. ఇద్దరి మాటా తప్పే.

మొదటాయన నమ్మకానికి మూలం భూసేకరణ. 2013 నాటి భూసేకరణ చట్టం 96వ సెక్షన్, ఆ చట్టం కింద ఇచ్చే పరిహారానికి ఆదాయపు పన్ను లేదని రాసిపెట్టింది. షేర్లకు అలాంటి సెక్షన్ లేదు. వాటాదారులు కంపెనీ మీద దావా వేసి, రాజీలో తెచ్చుకున్న సొమ్ము దేని బదులు వచ్చిందన్నదే అక్కడ తేల్చాలి.

గూడూరు నిమ్మ మార్కెట్ ఎరిగినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. లారీ అదుపు తప్పి తోటలోకి దూసుకొచ్చి కాపు మీదున్న చెట్టును కూల్చేసింది. చెట్టుకిచ్చిన సొమ్ము మూలధనం, రాలిన కాయలకిచ్చింది ఆదాయం. వ్యవసాయాదాయానికి పన్ను లేదన్న సంగతి కాసేపు పక్కన పెట్టండి. చెట్టు సగమే విరిగి మళ్లీ చిగురిస్తే? అందిన సొమ్ము మేరకు దాని మీద పెట్టిన పెట్టుబడి తగ్గినట్టే. తోట నర్సరీవాడిదైతే? అతనికి చెట్టే సరుకు గనుక వచ్చినదంతా వ్యాపారాదాయం. షేరు కూడా అంతే. మదుపరికి చెట్టు, ట్రేడరుకు సరుకు. డివిడెండు కాయ.

మన దగ్గర దీనికి పెద్ద ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని అందులో ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40కి పడిపోయింది. న్యూయార్క్‌లో సత్యం షేర్లు కొన్నవాళ్లు దావా వేశారు. 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లకు, ఆడిటింగ్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ 2.55 కోట్ల డాలర్లకు రాజీకొచ్చాయి. ముంబై మార్కెట్లో కొన్న ఇక్కడి మదుపరులకు అందులో దమ్మిడీ రాలేదు. ఉమ్మడిగా దావా వేసే దారి కంపెనీల చట్టం 245వ సెక్షన్‌తో తెరుచుకునేసరికి 2016 వచ్చింది.

అబర్డీన్ సంస్థకు చెందిన విదేశీ ఫండ్లు విడిగా పోరాడి 2012లో రాజీ పడ్డాయి. బ్రిటన్ దావాలో ఒప్పుకున్నదే 6.8 కోట్ల డాలర్లు. ఇందులో భారత ప్రభుత్వానికి పన్ను కట్టాలా? ప్రశ్న, ఇలాంటి పన్ను సందేహాలు తేల్చడానికి అప్పట్లో ఉన్న అథారిటీ ఫర్ అడ్వాన్స్ రూలింగ్స్ ముందుకు వెళ్లింది. 2016లో వచ్చిన జవాబు: అక్కర్లేదు. ఫండ్లు వదులుకున్నది షేర్లను కాదు, దావా వేసే హక్కును. ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఉత్త దావా హక్కును ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు. బదిలీ లేకపోతే మూలధన లాభం లేదు. పైగా ఆ హక్కును ఎంతకు కొన్నారు? దానికి ఖరీదే లేదు, ఖరీదు లేకపోతే అప్పటి చట్టం ప్రకారం లాభం లెక్కకట్టేదెలా? 'ఇతర ఆదాయం' కింద వేద్దామంటే, వచ్చింది అసలు ఆదాయమే కాదాయె.

  

అమెరికాలో పన్ను కట్టే మన పిల్లలకు లెక్క వేరు. షేరు ఇంకా చేతిలో ఉంటే వచ్చిన సొమ్ము కొన్న ధరలోంచి తీసేస్తారు. 10 డాలర్ల షేరుకు ఒక డాలరు వస్తే ఇకపై దాని ఖరీదు 9. నష్టానికి అమ్మేసి, ఆ నష్టాన్ని పన్ను లెక్కలో చూపించి ఉంటే, ఆ డాలరు వచ్చిన ఏడాది మూలధన లాభమవుతుంది. పాత లావాదేవీకి కొనసాగింపుగా వచ్చిన మొత్తానికి ఆ లావాదేవీ స్వభావమే అంటుకుంటుందని అక్కడి సుప్రీంకోర్టు 1952లో ఆరోస్మిత్ కేసులో తేల్చింది.

వడ్డీ ఎక్కడైనా కాయే. రాజీ పత్రంలో అసలు ఇంత, వడ్డీ ఇంత అని విడగొట్టి రాయించుకోకపోతే తర్వాత తగువు తప్పదు. ఇంకో సంగతి, అప్పట్లో అడ్వాన్స్ రూలింగ్ కట్టుబాటు అడిగినవాళ్ల విషయంలో, ఆ ఒక్క లావాదేవీకి మాత్రమే ఉండేది. అబర్డీన్ పేరు చెప్పి ఎవరైనా పన్ను లేదని రిటర్ను వేయొచ్చు గానీ, అధికారి నోటీసు పంపితే రాజీ పత్రం, కాంట్రాక్ట్ నోట్లు, డీమ్యాట్ స్టేట్‌మెంట్ పట్టుకుని తన వాదన తాను వినిపించుకోవాల్సిందే.