కోత ఒక పూట – పథ్యము జీవితాంతము

మాతో కలిసి పనిచేయు మిత్రులొకరు స్థూలకాయమునకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొన్న ఆరు మాసములకు బంధువుల గృహప్రవేశమునకు వెళ్లిరి. తమకు వలదని ఆయన ఎంత చెప్పినను వినక, పినతల్లిగారు "ఒక్కటే నాయనా, నా మాట కాదనకు" అని విస్తరిలో బొబ్బట్టు వేసి నేయి వడ్డించిరి. దానిపై గిన్నెడు పాయసము. పావుగంట గడవకముందే ఆయన చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు తిరిగి కూలబడిరి. గుండెపోటని ఇల్లంతయు గగ్గోలైనది. కొంతసేపు పడుకొనగా ఆయన తేరుకొనిరి. కాని ఆ తల్లి మాత్రము "నా చేతితోనే పెట్టితిని" అని నేటికిని బాధపడుచున్నది. ఆమె చేసిన తప్పేమియు లేదు; ఆమెకు చెప్పినవారు లేరు. అట్టివారి కొరకే ఈ నాలుగు మాటలు.

జీర్ణకోశము సాగెడి సంచి వంటిది. పెద్దవారిలో అది భోజనవేళ లీటరు, లీటరున్నర వరకు పట్టును. బరువు తగ్గుటకై నేడు విరివిగా చేయు శస్త్రచికిత్సలు రెండు. మొదటిదానికి స్లీవ్ అని పేరు. ఇందు కోశములో సుమారు మూడు వంతుల భాగమును తీసివేసి, మిగిలిన వంతును అరటికాయవలె సన్నని గొట్టముగా కుట్టుదురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోను తీసివేసిన భాగముననే ఎక్కువగా తయారగును. కావున ఆకలియు కొంతకాలము మందగించును. రెండవది బైపాస్. ఇందు కోశము పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న తిత్తిని వేరుచేసి, చిన్నప్రేవునకు సూటిగా కలుపుదురు. మిగిలిన కోశమును, చిన్నప్రేవు మొదటి భాగమును తాకకయే ఆహారము సాగిపోవును. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1966లో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అను వైద్యులు ఈ మార్గమును ప్రారంభించిరి.

ఇక మా మిత్రునికి జరిగినదేమి? కోశము చివర ఒక కండరపు ద్వారము కలదు. అది మంచి ద్వారపాలకునివలె ఆహారమును కొలది కొలదిగా ప్రేవులోనికి విడుచును. బైపాస్ చేసినవారిలో ఆహారము ఈ ద్వారముగుండ పోదు. బెల్లము, పంచదార ఒక్కమారుగ ప్రేవులోనికి దిగబడి, రక్తములోని నీటిని అచ్చటికి లాగుకొనును. అందువలననే చెమట, దడ, కడుపునొప్పి, విరేచనములు. దీనిని డంపింగ్ అందురు. ఇది తిన్న 10 నుండి 30 నిమిషములలో వచ్చును. కొందరికి ఒకటి నుండి మూడు గంటల తరువాత రక్తములో చక్కెర పడిపోయి వణకు, నీరసము కలుగును. స్లీవ్ చేయించుకొన్నవారికిని ఇది రాకపోదు. ఇట్లు మాటిమాటికి జరిగినచో వైద్యునికి తెలుపవలెను. మధుమేహమునకు మందు వాడువారు ఆ మోతాదును ఆయన చేత తప్పక సరిచూపించుకొనవలెను.

శస్త్రచికిత్స కాగానే పలుచని ద్రవములతో ఆహారము ప్రారంభమగును. పిమ్మట మజ్జిగ, పాలు, వడగట్టిన పెసరకట్టు. ఆ పిమ్మట మెత్తగా మెదిపిన పప్పు, గిలకొట్టి వండిన గుడ్డు, గట్టి పెరుగు. రమారమి ఆరు నుండి ఎనిమిది వారములకు మామూలు వంటకు చేరవచ్చును. ఆసుపత్రిని బట్టి ఈ క్రమమున కొంత భేదముండును. మీ వైద్యుడు చెప్పిన క్రమమే మీకు ప్రమాణము.

మామూలు భోజనమునకు చేరిన తరువాత మన వడ్డన వరుసను కొంత మార్చుకొనక తప్పదు. మనము పప్పును అన్నములో కలుపుకొని మొదలుపెట్టుదుము. ఈ చిన్న తిత్తి నాలుగు ముద్దల అన్నముతోనే నిండును. ఇక మాంసకృత్తులకు చోటెక్కడిది? దినమునకు 60 గ్రాములకు తక్కువ కాకుండ మాంసకృత్తులు అందనిచో క్రొవ్వుతోపాటు కండయు కరగును, జుట్టు రాలును. ఒక కోడిగ్రుడ్డులో ఉన్నవి సుమారు ఆరు గ్రాములు మాత్రమే. కావున మొదట పప్పో, గ్రుడ్డో, చేపయో, పనీరో తినవలెను, తరువాత కూర, చోటు మిగిలిన అన్నము. ముద్ద కుంకుడుకాయంత చాలును. దానిని మెత్తగా నమిలి, పాటకచేరి విను తీరికతో అరగంటసేపు తినవలెను. కడుపు నిండినదని తోచిన క్షణముననే చేయి కడుగుకొనవలెను.

భోజనము నడుమ నీరు త్రాగరాదు. తిన్న అరగంటకు గాని త్రాగరాదు. ఔపోసనము పట్టు ఉద్ధరిణెడు నీటివలన హాని లేదు. చెంబెడు నీరు ఎత్తి త్రాగుటయే కూడదు. అట్లని నీటిని మానరాదు. దినమంతయు గుక్కగుక్కగా లీటరున్నరకు తగ్గకుండ చూచుకొనవలెను.

లంఖణము పరమౌషధమను మాట వీరికి చెల్లదు. ఇనుము ముఖ్యముగా చిన్నప్రేవు మొదటి భాగముననే రక్తములో చేరును. బి-12 విటమిను చేరుటకు కోశములో ఊరు ఒక పదార్థము కావలెను. కావున ఇనుము, బి-12, కాల్షియము, డి విటమిను మాత్రలు జీవితాంతము వాడవలసినవే. ఇనుము, కాల్షియము మాత్రలను ఒకేమారు మ్రింగక రెండు గంటల ఎడముంచవలెను; ఇనుముతోపాటు కాఫీ, టీలు పనికిరావు. కాలేయములో బి-12 నిల్వ కొన్ని సంవత్సరముల వరకు సరిపోవును. అందుచేతనే "అంతయు బాగున్నది గదా" అని మాత్రలు మానిన చాలకాలమునకు పాదముల తిమ్మిరి, రక్తహీనత తలయెత్తును. ఏటేట రక్తపరీక్ష చేయించుట ఇందుకే. దీనికి విరుద్ధముగ బి-1 విటమిను నిల్వ కొలది వారములకే చాలును. వాంతులు విడువక ఒకటి రెండు దినములు సాగినచో వైద్యుని చూడవలెను. తూలుట, చూపు చెదరుట, మాట తడబడుట కనబడినచో ఆ గడియలోనే తీసికొనిపోవలెను.

మరి రెండు హెచ్చరికలు. బైపాస్ చేయించుకొన్నవారు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను స్వయముగా కొని మ్రింగరాదు. కుట్టినచోట పుండు పడును. స్త్రీలు శస్త్రచికిత్స తరువాత సంవత్సరము, సంవత్సరమున్నర వరకు గర్భము ధరింపకుండుట మేలు.

కోత కోయుట వైద్యుని పని. అది ఒక పూటలో ముగియును. తరువాతి పని వంటింటిది, వడ్డించు చేతిది. మన ఇండ్లలో ప్రేమకు కొలత విస్తరియే. "ఇంకొక్క ముద్ద" అనుట మనకు మర్యాద. ఈ ఒక్కరి విషయమున ఆ మర్యాదను త్రిప్పి పాటింతము. చిన్న గిన్నెలో కొంచెమే వడ్డించి, "చాలునా?" అని అడిగి, ఆయన చాలునన్నప్పుడు చేయి వెనుకకు తీసికొందము. ఆ పినతల్లిగారు ఇపుడట్లే చేయుచున్నారు. మా మిత్రుడు వచ్చునపుడు బొబ్బట్లకు బదులు గిన్నెడు పెసరకట్టు సిద్ధముగా ఉంచుచున్నారట.