ఒక చెంచా చక్కెర లెక్క

నవంబర్ 14 అనగానే మనకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. అదే రోజు ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా. 1921లో చార్లెస్ బెస్ట్‌తో కలిసి ఇన్సులిన్‌ను వేరుచేసిన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. కాబట్టి మన తరగతిలో చాలామంది ఇళ్లలో నాన్నో, తాతయ్యో, అమ్మమ్మో పొద్దున్నే వేలికి సూది గుచ్చుకొని గ్లూకోమీటర్ వైపు చూస్తూ ఉంటారు.

మొన్న 64, నిన్న 118, ఇవాళ 190. టైప్ 2 మధుమేహంలో ఈ అంకెలు ఎందుకిలా ఊగుతాయో మేము చదివి, పెద్దల్ని అడిగి తెలుసుకున్నాం.

ముందు ఒక చిన్న లెక్క. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ 100 అంటే ఒక డెసిలీటరు రక్తంలో 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉందని అర్థం. 5 లీటర్లంటే 50 డెసిలీటర్లు. గుణిస్తే 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా! రక్తం మొత్తంలో తిరిగే చక్కెర అంతే. ఇప్పుడు ఒక కప్పు అన్నం తీసుకోండి. అందులో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అరిగాక అది దాదాపు అంతా గ్లూకోజే. ఒక చెంచా ఉండాల్సిన చోటికి తొమ్మిది చెంచాలు వచ్చి పడతాయన్నమాట. మనం ఒక కప్పుతో ఆగుతామా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో క్లోమం వెంటనే ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ మాట విని కండరాలు, కాలేయం వచ్చిన గ్లూకోజ్‌ను లోపలికి తీసుకొని దాచుకుంటాయి. టైప్ 2లో కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. క్లోమం ఇంకా ఎక్కువ తయారుచేసి, చేసి, కొన్నేళ్లకు అలసిపోతుంది. అప్పుడు తొమ్మిది చెంచాలూ రక్తంలోనే చాలాసేపు తిరుగుతాయి.

మరి రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున్నే షుగర్ ఎందుకు ఎక్కువ? మాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించింది ఇదే. మనం నిద్రపోతున్నప్పుడు మెదడు ఆకలితో ఉండకూడదని కాలేయం దాచిన గ్లూకోజ్‌ను కొంచెం కొంచెంగా వదులుతుంది. తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరిగి, ఇంకా వదలమంటాయి. ఇన్సులిన్ బాగా పనిచేస్తే అడ్డుకుంటుంది, లేకపోతే లేదు. జ్వరం, నిద్రలేమి, ఆందోళన కూడా ఇలాగే షుగర్‌ను పెంచుతాయి. కాబట్టి 190 చూడగానే "నాన్నా, రాత్రి దొంగతనంగా స్వీట్ తిన్నారు కదా!" అని పట్టుకోవడం అన్యాయం. తినకుండానే దోషి అయిన మనిషి మర్నాటి నుంచి అంకె చెప్పడమే మానేస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జిలేబీ పట్టుకున్న వేలు కడుక్కోకుండా పరీక్ష చేస్తే మీటర్ ఆ పాకాన్నీ కలిపి కొలుస్తుంది. చేతులు నీళ్లతో కడిగి, బాగా తుడుచుకొని అప్పుడు గుచ్చుకోవాలి.

బదిలీ మీద సూరత్ వచ్చిన కొత్తలో ఇక్కడి పప్పు తియ్యగా ఉండటం మనకు వింత. రెండు నెలల్లో అలవాటైపోతుంది, పప్పులో బెల్లం ఉందన్న సంగతే మరిచిపోతాం. దసరాకు ఫాఫ్డా, జిలేబీ. శరత్పూర్ణిమ మర్నాడు చాందనీ పడవో పండుగకు ఘారీ. ఘారీలో కోవా, చక్కెర, పైన దట్టంగా నెయ్యి. నెయ్యి ఎక్కువ కావడంతో అరుగుదల నెమ్మదిస్తుంది, షుగర్ ఆలస్యంగా పెరిగి చాలాసేపు ఉంటుంది. రెండు గంటలకు కొలిచి "ఏమీ కాలేదు" అని ఇంకో ముక్క తీసుకునేవాళ్లు ఉంటారు! నవరాత్రి ఉపవాసాల్లో తినే సాబుదానా కిచిడీ కూడా అంతే. సాబుదానా అంటే మన సగ్గుబియ్యమే, కర్రపెండలం పిండి. అన్నం మానేశామన్న తృప్తి తప్ప షుగర్‌కు పెద్ద తేడా తెలియదు.

తిండి ఒక్కటే కాదు, వేళ కూడా ముఖ్యం. హజీరా కర్మాగారాల్లో షిఫ్టులు మారుతూ ఉంటాయి. మన తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల మీద పనిచేసే నేతన్నలకు పన్నెండు గంటల షిఫ్టు మామూలే. రాత్రి షిఫ్టు వారం "పొద్దున టాబ్లెట్" ఎప్పుడు వేసుకోవాలి? ఇది డాక్టర్‌ను విడిగా అడగాల్సిన ప్రశ్న. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి టాబ్లెట్లు గానీ, ఇన్సులిన్ గానీ తీసుకొని భోజనం మానేస్తే మాత్రం పడిపోతుంది.

పిల్లలు తప్పక తెలుసుకోవాల్సింది ఈ పడిపోవడం గురించే. పెరిగిన షుగర్ సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా చెరుపు చేస్తుంది. పడిపోయిన షుగర్ నిమిషాల్లో ప్రమాదం తెస్తుంది, ఆ వేళకు ఇంట్లో మనమే ఉండొచ్చు. చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, విపరీతమైన ఆకలి, కారణం లేని కోపం, తికమక మాటలు దీని గుర్తులు. మీటర్‌లో 70 కన్నా తక్కువ ఉంటే మూడు టీ చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలిపి ఇవ్వాలి. మీటర్ కనబడకపోతే వెతుకుతూ కూర్చోవద్దు, ముందు చక్కెర నీళ్లివ్వండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. షుగర్ ఫ్రీ కూల్‌డ్రింక్ అసలే పనికిరాదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్సు సేవ గుజరాత్‌లోనూ ఉంది.

మూడు నెలలకోసారి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష బాగుంటే చాలదా అని కొందరంటారు. అది సగటు చెబుతుంది. ఒక బ్యాట్స్‌మన్ రెండు మ్యాచ్‌ల్లో 50, 50 కొట్టాడు, ఇంకొకడు 0, 100 కొట్టాడు. సగటు ఒక్కటే, ఆట ఒక్కటేనా? షుగర్ 60కీ 240కీ మధ్య ఊగినా సగటు 150 అనే వస్తుంది.

ఆ ఊగుడు తగ్గించడానికి ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. కూర, పప్పు ముందు తిని, అన్నం తర్వాత తింటే షుగర్ అంత పైకి లేవదు. భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. కాలనీలో తాతయ్యతో కలిసి నడవడం మనకూ మంచిదే, వాళ్ల చిన్నప్పటి కథలు ఉచితం. మందు మోతాదు మాత్రం డాక్టరే మార్చాలి.

మేము చెప్పే ముఖ్యమైన పని ఒక నోటుపుస్తకం పెట్టడం. తేదీ, వేళ, అంకె, ఏం తిన్నారు, ఏ షిఫ్టు, నిద్ర ఎలా పట్టింది. రెండు వారాలు రాస్తే చాలు, అంకెల వెనక కారణాలు కనబడటం మొదలవుతుంది. చివరి పేజీలో మందుల పేర్లు రాయండి, కంపెనీ పేరు కాదు, స్ట్రిప్ మీద ఉండే అసలు మందు పేరు. కంపెనీ పేర్లు ఊరు మారితే దొరక్కపోవచ్చు. బదిలీ ఆర్డర్ వచ్చి సామాను కట్టే రోజున ఈ పుస్తకం, మీటర్, మందులు లారీ ఎక్కకూడదు. అవి అమ్మ చేతిసంచిలో ఉండాలి, ఇన్సులిన్‌ను మాత్రం చల్లగా, ఐసుకు తగలకుండా.