అలుగు లేని చెరువు, అదుపు లేని వోల్టేజి

అది 1984వ సంవత్సరం. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా ఇంట్లో నాలుగు సెల్లులతో పనిచేసే ట్రాన్సిస్టరు రేడియో ఒకటి ఉండేది. పొద్దుగూకగానే తాతయ్య దాన్ని అరుగు మీద పెట్టేవారు. వార్తలు, వాతావరణ సూచనలు వినడానికి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చి కూర్చునేవారు. ఎటొచ్చీ సెల్లుల ఖర్చే భారంగా ఉండేది.

నేను కూడబెట్టుకున్న డబ్బుతో పక్క ఊరి బజారులో ఒక బ్యాటరీ ఎలిమినేటరు కొన్నాను. దానిమీద "6 వోల్టులు" అని రాసి ఉంది. రేడియోకు కలిపితే మోగింది, కానీ పాట వెనక "గుయ్" మని ఒకటే రొద. నాలుగు రోజులు గడిచాయి. ఒక రాత్రి పొలాల్లో మోటార్లన్నీ ఆగిపోయాక ఇంట్లో బల్బులు ఒక్కసారిగా బాగా వెలిగాయి. ఆ వెంటనే రేడియో నుంచి కాలిన వాసన వచ్చింది. అంతే, రేడియో మూగబోయింది.

మరునాడు తాతయ్యా నేనూ దాన్ని రిపేరు కొట్టుకు తీసుకువెళ్ళాం. రిపేరు చేసే ఆయన ఎలిమినేటరుకు మీటరు పెట్టి చూసి, "బాబూ, ఆరు అని రాశారు గానీ ఇది పది ఇస్తోంది" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. తాతయ్య నన్ను ఏమీ అనలేదు. కాసేపు ఆలోచించి, "ఏమయ్యా, చెరువుకు అలుగు ఉన్నట్టు ఈ డబ్బాకు ఏమీ ఉండదా?" అని అడిగారు. ఆయన నవ్వి, "ఉంటుంది పెద్దాయనా. దీంట్లో పెట్టలేదు, అంతే" అన్నాడు.

తాతయ్య అడిగిన ఆ అలుగు గురించే ఈ వ్యాసం. ఎలక్ట్రానిక్సులో దాన్ని వోల్టేజి రెగ్యులేటరు అంటారు.

ఆరు పది ఎలా అయింది?

మన ఇళ్ళకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు. దాని వోల్టేజి 230 అని చెబుతాం. కానీ అది ఎప్పుడూ సరిగ్గా 230 ఉండదు. వాడకం ఎక్కువైతే తగ్గుతుంది, వాడకం తగ్గితే పెరుగుతుంది. ఎలిమినేటరులోని ట్రాన్స్‌ఫార్మరు ఈ వోల్టేజిని తగ్గిస్తుంది. నాలుగు డయోడ్ల వంతెన దాన్ని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. చివర ఉన్న పెద్ద కెపాసిటరు ఎత్తుపల్లాలను కొంతవరకు సమం చేస్తుంది.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. ట్రాన్స్‌ఫార్మరు మీద 9 వోల్టులు అని ఉంటే అది సగటు లాంటి ఒక విలువ. అలల శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే 12.7 వోల్టులు ఉంటుంది. కెపాసిటరు ఈ శిఖరం దాకా నిండుతుంది. దారిలో రెండు డయోడ్ల దగ్గర సుమారు 1.4 వోల్టులు పోతే 11.3 మిగులుతాయి. పైగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువ కరెంటు తీసుకున్నప్పుడు తమ మీద రాసినదానికన్నా ఎక్కువ వోల్టేజి ఇస్తాయి. కాబట్టి 9 అని రాసి ఉన్న డబ్బా నుంచి 14 వోల్టులు రావడం వింతేమీ కాదు. మా రేడియోకు జరిగింది కూడా ఇదే.

"గుయ్" మనే రొదకు కారణం కూడా ఇక్కడే ఉంది. మన విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. వంతెన గుండా వచ్చాక అవి సెకనుకు 100 ఎత్తుపల్లాలు అవుతాయి. కెపాసిటరు మింగలేకపోయినవి స్పీకరులో రొదగా వినబడతాయి.

డయోడు రూపంలో ఒక అలుగు

చెరువు నిండితే అదనపు నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. వాన ఎంత కురిసినా నీటిమట్టం అలుగు ఎత్తును పెద్దగా దాటదు. ఇలాంటి పనినే జీనరు డయోడు చేస్తుంది.

మామూలు డయోడు విద్యుత్తును ఒక దిశలోనే పోనిస్తుంది. జీనరు డయోడు కూడా అంతే. కానీ దానికి వ్యతిరేక దిశలో వోల్టేజిని పెంచుతూ పోతే, ఒక నిర్ణీత విలువ దగ్గర అది తలుపు తెరిచినట్టు కరెంటును వదులుతుంది. ఆ తరువాత ఎంత కరెంటు పోయినా దాని కొసల మధ్య వోల్టేజి దాదాపు మారదు. బంధకాలలో విద్యుత్తు ఇలా చొచ్చుకుపోయే తీరును 1934లో వివరించిన అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ జీనర్ పేరే దీనికి పెట్టారు. చిత్రమేమిటంటే, ఆయన చెప్పిన ప్రభావం ముఖ్యంగా 5 వోల్టులకు లోపు ఉన్న డయోడ్లలోనే పనిచేస్తుంది. అంతకు మించినవాటిలో ప్రధానంగా పనిచేసేది అవలాంచి అనే మరో ప్రభావం. అయినా బజారులో అన్నింటినీ జీనరు అనే అమ్ముతారు.

జీనరును ఎప్పుడూ తిరగేసి కలపాలి. దాని ఒంటిమీద గీత ఉన్న కొస ధనధ్రువం వైపు ఉండాలి. దానికి ముందు ఒక నిరోధం తప్పనిసరి. అది లేకపోతే కరెంటుకు అడ్డే ఉండదు, జీనరు క్షణంలో మాడిపోతుంది.

మనమే లెక్క కడదాం

మన దగ్గర ఉన్న ఎలిమినేటరు 10 నుంచి 14 వోల్టుల దాకా ఇస్తోందనుకుందాం. మన చిన్న రేడియోకు 6 వోల్టులు కావాలి. అది గరిష్ఠంగా 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 6.2 వోల్టుల, 1 వాటు జీనరును ఎంచుకుందాం. 1ఎన్ 4735 అని అడిగితే ఇస్తారు.

అలుగు పని చేయాలంటే ఎప్పుడూ కొంత నీరు పొర్లుతూ ఉండాలి కదా! అందుకని జీనరుకు కనీసం 10 మిల్లీ ఆంపియర్లు వదులుదాం. అన్నిటికన్నా గడ్డు పరిస్థితి ఏది? వచ్చే వోల్టేజి బాగా తక్కువగా, రేడియో వాడకం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు. అప్పుడు

నిరోధం = (10 – 6.2) ÷ (0.040 + 0.010) = 3.8 ÷ 0.050 = 76 ఓమ్‌లు.

బజారులో 76 సులభంగా దొరకదు. 68, 82 దొరుకుతాయి. 82 పెడితే జీనరుకు చాలినంత కరెంటు మిగలదు. కాబట్టి 68 తీసుకుందాం.

ఇప్పుడు రెండో పరీక్ష. వోల్టేజి 14కు పెరిగింది, రేడియో కట్టేసి ఉంది. అప్పుడు కరెంటు అంతా జీనరు గుండానే పోవాలి.

కరెంటు = (14 – 6.2) ÷ 68 = 0.115 ఆంపియర్లు.
జీనరులో వేడి = 6.2 × 0.115 = 0.71 వాట్లు.
నిరోధంలో వేడి = 7.8 × 0.115 = 0.90 వాట్లు.

జీనరు 1 వాటుది కాబట్టి తట్టుకుంటుంది. నిరోధం మాత్రం 2 వాట్లది వాడాలి. చిన్న పావు వాటు నిరోధం పెడితే కాలిపోతుంది. ఈ రెండు పరీక్షలూ చేయకుండా ఏ జీనరు వలయాన్నీ కట్టకండి.

అలుగు ఎండినప్పుడు

పెద్ద స్పీకరు ఉన్న రేడియోను గట్టిగా పెడితే 100 మిల్లీ ఆంపియర్లు తీసుకోవచ్చు. 10 వోల్టులు వస్తున్నప్పుడు 68 ఓమ్‌ల నిరోధంలోనే 6.8 వోల్టులు పోతాయి. రేడియోకు మిగిలేవి 3.2 మాత్రమే. జీనరు గుండా ఏమీ పోదు. అలుగు ఎండిపోయింది, చెరువు మట్టం పడిపోయింది! నిరోధాన్ని తగ్గిస్తే, రేడియో కట్టేసినప్పుడు జీనరు మాడుతుంది. కాబట్టి ఈ పద్ధతి చిన్న వాడకాలకే పనికివస్తుంది.

పెద్ద వాడకానికి ఏం చేయాలి? చెరువుకు అలుగుతో పాటు తూము కూడా ఉంటుంది. తూము దగ్గర నీరుకట్టు మనిషి నిలబడి, పొలానికి ఎంత కావాలో అంతే వదులుతాడు. ఎలక్ట్రానిక్సులో ఈ మనిషి పనిని ట్రాన్సిస్టరు చేస్తుంది.

టిఐపి 31 వంటి ఒక ఎన్‌పిఎన్ పవరు ట్రాన్సిస్టరు తీసుకోండి. దాని కలెక్టరును ఎలిమినేటరు ధనధ్రువానికి, ఎమిటరును రేడియోకు కలపండి. బేసుకు 6.8 వోల్టుల జీనరును కలపండి. ధనధ్రువం నుంచి బేసుకు 180 ఓమ్‌ల నిరోధం పెట్టండి. బేసుకూ ఎమిటరుకూ మధ్య సుమారు 0.7 వోల్టుల తేడా ఉంటుంది. కాబట్టి రేడియోకు 6.8 – 0.7 = 6.1 వోల్టులు అందుతాయి.

రేడియో ఎక్కువ కరెంటు లాగితే ఎమిటరు వోల్టేజి కొంచెం దిగుతుంది. బేసు వోల్టేజి మాత్రం జీనరు పట్టి ఉంచడం వల్ల దిగదు. రెండింటి మధ్య తేడా పెరగగానే ట్రాన్సిస్టరు ఇంకా తెరుచుకుని, పడిన వోల్టేజిని పైకి తెస్తుంది. వాడకం తగ్గితే దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. ఇలా తప్పును తానే చూసుకుని తానే దిద్దుకోవడాన్ని రుణ పునర్నివేశం అంటారు. ఈ వలయంతో 250 మిల్లీ ఆంపియర్ల దాకా సులువుగా తీసుకోవచ్చు. కానీ 14 వోల్టులు వస్తున్నప్పుడు ట్రాన్సిస్టరులో (14 – 6.1) × 0.25, అంటే దాదాపు 2 వాట్ల వేడి పుడుతుంది. దానికి ఒక అల్యూమినియం రేకు బిగించాలి. పొరపాటున బయటి తీగలు రెండూ తగిలితే దీన్ని కాపాడేది ఏదీ లేదు.

మూడు కాళ్ళ పనివాడు

జీనరు, ట్రాన్సిస్టరు, కాపలా వలయాలు అన్నింటినీ ఒకే సిలికాన్ ముక్క మీదకు తెచ్చారు ఇంజనీర్లు. 1969లో అమెరికాలోని నేషనల్ సెమీకండక్టర్ సంస్థలో రాబర్ట్ విడ్లర్ రూపొందించిన ఎల్ఎం 109 అలాంటిదే. మూడే కాళ్ళు, బయటికి 5 వోల్టులు. ఆ తరువాత 7805, 7809, 7812 వంటివి వచ్చాయి. చివరి రెండు అంకెలే అవి ఇచ్చే వోల్టేజి. వేడి మితిమీరితే ఇవి తమంతట తామే ఆగి, చల్లబడ్డాక మళ్ళీ పనిచేస్తాయి.

మనకు కావలసిన వోల్టేజిని మనమే నిర్ణయించుకోవాలంటే ఎల్ఎం 317 ఉంది. అది తన అవుట్‌పుట్ కాలుకూ అడ్జస్టు కాలుకూ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. ఆ రెండు కాళ్ళ మధ్య 120 ఓమ్‌లు, అడ్జస్టు కాలు నుంచి రుణధ్రువానికి 470 ఓమ్‌లు పెట్టామనుకోండి.

వోల్టేజి = 1.25 × (1 + 470 ÷ 120) = సుమారు 6.15 వోల్టులు.

మా తాతయ్య రేడియోకు ఇది చక్కగా సరిపోయేది! ఒక్క హెచ్చరిక. 7805కూ ఎల్ఎం 317కూ కాళ్ళ వరస ఒకటి కాదు. అక్షరాలున్న వైపు మనకు ఎదురుగా పెట్టుకుంటే, 7805కు ఎడమనుంచి ఇన్‌పుట్, గ్రౌండు, అవుట్‌పుట్. ఎల్ఎం 317కు అడ్జస్టు, అవుట్‌పుట్, ఇన్‌పుట్. తొందరపడి కలిపితే డబ్బు దండగ.

ఇవన్నీ అదనపు వోల్టేజిని వేడిగా మార్చి వదిలేస్తాయి. 12 వోల్టులు తీసుకుని 7805 ద్వారా 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు వాడితే, ఉపయోగపడేది 2.5 వాట్లు, వేడిగా పోయేది 3.5 వాట్లు. నేటి సెల్‌ఫోను చార్జర్లు వేరే దారి పట్టాయి. అవి కరెంటును సెకనుకు వేలసార్లు తెరిచి మూస్తూ, తెరిచి ఉంచే సమయాన్ని పెంచి తగ్గించి వోల్టేజిని నిలబెడతాయి. అందుకే అవి చిన్నవిగా ఉన్నా ఎక్కువ శక్తిని అందిస్తాయి.

మీరే చేసి చూడండి

230 వోల్టుల జోలికి పోకండి. అది ప్రాణాలు తీస్తుంది. ఈ ప్రయోగానికి 9 వోల్టుల చిన్న బ్యాటరీ చాలు. ఒక 220 ఓమ్‌ల నిరోధం, 5.1 వోల్టుల జీనరు వరసగా కలపండి. జీనరు గీత బ్యాటరీ ధనధ్రువం వైపు ఉండాలి. జీనరు కొసల మధ్య మల్టీమీటరు పెట్టండి. దాదాపు 5 వోల్టులు చూపుతుంది. కొత్త బ్యాటరీతో ఒకసారి, కొంత వాడిన బ్యాటరీతో ఒకసారి కొలిచి రాసుకోండి. బ్యాటరీ వోల్టేజి ఎంత మారింది? జీనరు వోల్టేజి ఎంత మారింది?

తరువాత జీనరు పక్కన 1000 ఓమ్‌ల నిరోధం కలిపి కొలవండి. దాన్ని తీసి 100 ఓమ్‌లది కలపండి. అలుగు ఎప్పుడు ఎండిందో మీటరే చెబుతుంది. జీనరుకు కనీసం 5 మిల్లీ ఆంపియర్లు మిగలాలంటే ఎన్ని ఓమ్‌ల దాకా దిగవచ్చు? కొలిచే ముందు కాగితం మీద లెక్కకట్టండి.

మా రేడియో బాగుపడడానికి నెల పట్టింది. ఆ రిపేరు ఆయనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎలిమినేటరులో ఒక జీనరు, ఒక నిరోధం అతికించాడు. రొద చాలావరకు తగ్గింది. ఆ తరువాత చాలాకాలం తాతయ్య రేడియో కట్టేసి, ఎలిమినేటరు డబ్బా మీద చెయ్యి పెట్టి చూసేవారు. వెచ్చగా తగిలితే, "అలుగు పారుతోంది లేరా" అని లోపలికి వెళ్ళేవారు. రేడియో కట్టేశాకే ఆ డబ్బాలోని జీనరు ఎక్కువ వేడెక్కుతుంది. ఎందుకో ఇప్పుడు మీరు చెప్పగలరు.