పడవలో చార్జింగ్ పోర్టు ఎందుకు త్వరగా పాడవుతుంది?

ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసే యూఎస్‌బీ పోర్టు, సముద్రం మీద తిరిగే పడవలో కొన్ని నెలలకే మొరాయించవచ్చు. ఎందుకు? ఉప్పు! ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది. పోర్టులోని సన్నటి పిన్నుల మధ్య ఒక్క చుక్క చేరితే చాలు. పిన్ను నుంచి పిన్నుకు కరెంటు పాకుతూ లోహాన్ని తినేస్తుంది. పచ్చటి చిలుము కనిపించిందంటే ఆ పని మొదలైనట్టే.

మరి మంచిది ఎంచుకోవడం ఎలా? డబ్బా మీద 'ఐపీ67' లాంటి గుర్తు వెతకండి. 6 అంటే దుమ్ము దూరదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో! పైగా చాలా పోర్టులకు మూత బిగించి ఉంటేనే ఆ రక్షణ. హడావుడిలో ఆ మూత ఎవరికి గుర్తుంటుంది?

పడవ బ్యాటరీ 12 లేదా 24 వోల్టులది; ఫోనుకు మామూలుగా 5 చాలు. తగ్గించే పని పోర్టు వెనకున్న సర్క్యూటుది. నాసిరకమైతే వైర్‌లెస్ సెట్‌లో గరగర పుట్టిస్తుంది. ఫోను పెట్టకపోయినా బ్యాటరీని కొంచెం కొంచెం తాగుతుంది కాబట్టి స్విచ్ ఉన్నదే మేలు. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

అన్నట్టు, తడి చేత్తో కేబుల్ గుచ్చకండి.