పేరు పేరుగానే ఉండాలంటే

రాజమండ్రిలో మా సంస్థ చందాల లెక్క ఇప్పుడు కంప్యూటర్లోనే. సనావుల్లా అనే పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు కొందరు మధ్యలో అపాస్ట్రఫీ పెడతారు. డేటాబేస్‌కు ఆ గుర్తంటే మాట అక్కడితో అయిపోయినట్టే. మిగతా అక్షరాలను ఆదేశం అనుకుని తికమకపడుతుంది. అలా ఒక దాత పేరు ఎక్కనేలేదు. గిట్టనివారెవరైనా పేరుకు బదులు ఆదేశమే రాస్తే పట్టికలోని వివరాలన్నీ బయటపడవచ్చు, చెరిగిపోనూవచ్చు.

మందు తేలికే. మనియార్డరు ఫారంలా ఆదేశాన్ని ముందే రాసి, పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదలాలి. ఎస్‌క్యూలైట్‌లో ఆ ఖాళీకి గుర్తు ప్రశ్నార్థకం (?). పేరును విడిగా అందిస్తాం. అందులో ఏమున్నా డేటాబేస్ దాన్ని పేరుగానే చూస్తుంది. ఆ ప్రశ్నార్థకానికి కొటేషన్లు మాత్రం తగిలించకూడదు. తగిలిస్తే అది ఖాళీ కాదు, వట్టి అక్షరం. మొదటిరోజు మేం చేసిందీ అదే.