ఊరికి పేరిచ్చిన గుడి: రాతికి సిమెంటే శత్రువు

ఇందా (ఖరగ్‌పూర్): ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి తొలుత జ్ఞప్తికి వచ్చేవి రైల్వే వర్క్‌షాపు, 1,072 మీటర్ల పొడవున సాగిన ప్లాట్‌ఫారం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఉపాధి కోసం ఇక్కడికి తరలివచ్చి స్థిరపడ్డారు. అయితే ఈ రైల్వే పట్టణానికి పేరు తెచ్చింది రైలు కాదు. ఒకప్పుడు పల్లెగా ఉండి, నేడు పట్టణంలో కలసిపోయిన ఇందాలోని ఖడ్గేశ్వర శివాలయం పేరు మీదనే ఖరగ్‌పూర్ ఏర్పడిందని ప్రతీతి.

ఈ గుడిని కట్టించినదెవరన్న విషయంలో ఒకటికి మించిన కథనాలు ఉన్నాయి. విష్ణుపురం మల్ల రాజవంశానికి చెందిన ఖడ్గ మల్లుని పేరు కొందరు చెబుతారు. భీముడు హిడింబాసురుని సంహరించినది ఈ గడ్డ మీదనేనని జనశ్రుతి. కథల మాట ఎలా ఉన్నా, ఇటువంటి గ్రామీణ రాతి కట్టడాలను కాపాడుకోవడమెలాగన్నది మాత్రం నేటి ప్రశ్న. దానికి సమాధానం ఆ రాతి స్వభావంలోనే ఉంది.

మేదినీపూర్ ప్రాంతపు పాత గుళ్లలో ఎక్కువగా కనిపించేది లాటరైట్ అనే ఎర్రని, రంధ్రాలతో నిండిన రాయి. బెంగాలీలు దీనిని మాకడా పాథర్ అంటారు. కేరళలోని అంగాడిపురం వద్ద దీనిని పరిశీలించిన ఫ్రాన్సిస్ బుకానన్, ఇటుక అనే అర్థం గల లాటిన్ పదం నుంచి 1807లో ఈ పేరు పెట్టాడు. నేలలో ఉన్నంత కాలం ఇది మెత్తగా ఉండి పనిముట్లకు లొంగుతుంది. కోసి బయటపెట్టిన తరువాత గాలి తగిలి క్రమంగా గట్టిపడుతుంది. కొండలు లేని ఈ ఎర్రనేలల్లో గ్రామీణులకు కాళ్ల కింద దొరికిన రాయి ఇదే.

గరుకైన ఈ రాతిపై సన్నని శిల్పం చెక్కడం కష్టం. అందుచేత ఈ గుళ్ల అందమంతా ఆకారంలోనే ఉంటుంది. మందమైన గోడలు, చిన్న ద్వారం, ఒక వరుస కంటె పై వరుసను కొద్దిగా లోపలికి జరుపుతూ పేర్చిన శిఖరం వీటి లక్షణాలు. ఈ నిర్మాణ సంప్రదాయం ఒడిశా నుంచి వచ్చినది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం ఆలయాలది కూడా ఈ కళింగ రీతే. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన రైల్వే కార్మికుడు పరాయి గడ్డ మీద చూసిన శిఖరం అతనికి పరాయిది కాదు. ఖరగ్‌పూర్‌కు కొద్ది దూరంలో, కేశియాడి సమీపాన గగనేశ్వర్ గ్రామంలో ఉన్న కురుంబేరా లాటరైట్ ప్రాకారం 15వ శతాబ్దపు గజపతి రాజు కపిలేంద్రదేవుని కాలానిదని చెబుతారు. కొండవీడు, రాజమహేంద్రవరం సైతం ఆయన ఏలుబడిలోనివే.

శతాబ్దాల వానలను తట్టుకున్న ఈ రాతికి ఇప్పుడు ముప్పు కలుగుతున్నది తరచుగా భక్తి వల్లనే. పాత గుడిని బాగుచేయాలని తలచినవారు ముందుగా చేయించేది సిమెంటు పూత, ఆపై ఎనామిల్ రంగు. లాటరైట్ నీటిని పీల్చుకుని, మళ్లీ ఆవిరిగా విడిచిపెట్టే రాయి. పూర్వం వాడిన సున్నం ఆ తేమను బయటకు పోనిచ్చేది. గట్టిదైన సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. తేమలో కరిగిన లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా పేరుకుని రాతి పై పొరను పొడిపొడిగా రాల్చివేస్తాయి. పైకి కొత్తగా మెరిసే గోడ లోపల గుల్లబారుతూ ఉంటుంది. పూత ఊడిన నాడు దానితోపాటు రాయి కూడా ఊడివస్తుంది.

రెండవ శత్రువు రావి మొక్క. పక్షులు వేసిన గింజ రాళ్ల సందులో మొలకెత్తితే వేళ్లు గోడను చీలుస్తాయి. ముదిరిన మొక్కను పెరికివేసినా రాళ్లు కదలిపోతాయి. లేతగా ఉన్నప్పుడే తొలగించడం, పునాది వద్ద వాన నీరు నిలవకుండా చూడడం, సందులను డంగుసున్నంతో పూడ్చడం, మరమ్మతుకు ముందు కొలతలు, ఛాయాచిత్రాలు తీసి భద్రపరచడం ముఖ్యమైన జాగ్రత్తలు. వీటికి అయ్యే ఖర్చు, శిథిలమైన తరువాత పునర్నిర్మాణానికి అయ్యే ఖర్చుతో పోల్చితే స్వల్పమే.

చట్టం లేకపోలేదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర పరిరక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పశ్చిమ బెంగాల్ 2001లో వారసత్వ కమిషన్ కోసం ప్రత్యేక చట్టం చేసింది. అయితే దేశం మొత్తం మీద కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాలు సుమారు 3,700 మాత్రమే. ఊరూరా ఉన్న గుడి, మసీదు, పాత రాతి ఇల్లు ఈ జాబితాలో చేరడం సాధ్యం కాదు.

చట్టం చేరని చోట ఏమి చేయవచ్చునో ఇదే జిల్లాలో కంసావతి ఒడ్డున ఉన్న పాథరా గ్రామం చూపింది. అక్కడి 34 పాత ఆలయాల రాళ్లు, ఇటుకలు తరలిపోతుండగా వాటిని కాపాడడానికి నడుం కట్టినవాడు మహమ్మద్ యాసిన్ పఠాన్. పాఠశాలలో చిన్న ఉద్యోగి అయిన ఆయన గ్రామస్థులను కూడగట్టి, అధికారుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. 1994లో కబీర్ పురస్కారం ఆయనను వరించింది. 2003లో అక్కడి 28 ఆలయాలను పురావస్తు శాఖ తన రక్షణలోకి తీసుకున్నది. ప్రభుత్వం కదిలింది ఊరు కదిలిన తరువాతనే.

ఖరగ్‌పూర్‌కు రైలు వచ్చి నూరేళ్లు దాటింది. ఆ రైలుకు ముందే ఇక్కడొక ఊరు ఉండేదని చెప్పే సాక్ష్యాలు కొద్దిగానే మిగిలాయి. సాక్ష్యమంటే గర్భగుడిలోని దేవుడు మాత్రమే కాదు, ఆ గోడలోని రాయి కూడా. ఇటువంటి గుళ్లకు తదుపరి మరమ్మతు తలపెట్టేవారు సిమెంటు బస్తా విప్పే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిస్తే, కాపాడవలసిన పనిలో సగం అక్కడే పూర్తవుతుంది.